పాలు విడిచిన ఇల్లు

మూడు కిలోల జొన్నలు పోస్తే రెండు కిలోల ఏడు వందల యాభై గ్రాముల పిండి వచ్చింది. మొదటిసారి నా తూకంలోనే తప్పుందేమో అనుకున్నాను. రెండోసారి ఇంట్లో తూచి తీసుకెళ్లి, ఇంటికి రాగానే మళ్లీ తూచాను. అదే లెక్క. గిర్నిలో తరుగు ఉంటుందని నాకూ తెలుసు. కొంత పిండి రాయికి అంటుకుంటుంది, కొంత గాలికి లేస్తుంది. కిలోకు పది పదిహేను గ్రాములు పోతే ఎవరూ అడగరు. పావుకిలో ఎక్కడికి పోతుంది?

అప్పటి నుంచి షహజాదీని అనుమానించడం మొదలుపెట్టాను. మొదలుపెట్టాక ఆపలేకపోయాను.

సిద్దిపేటలో మేము కిరాయికి ఉన్న గల్లీ చివరనే ఆమె గిర్ని. ముందు గదిలో కిరాణం, వెనుక గదిలో పిండి మర. ఆమెకు యాభై దాటాయి. కనుబొమ్మల మీద ఎప్పుడూ పిండి ఉంటుంది. మద్దూరులో పుట్టి, మోటారు మెకానిక్ గఫూర్‌ను చేసుకొని ఈ ఊరు వచ్చింది. గిర్ని పెట్టింది గఫూరే. కూతురు తహూరాకు అయిదేళ్లున్నప్పుడు అతను చనిపోయాడు. మర అమ్మేస్తుందేమోనని ఇద్దరు ముగ్గురు వచ్చి చూసిపోయారట. భర్త పోయాక గడప దాటకుండా ఉండే నాలుగు నెలల పది రోజుల ఇద్దత్ ముగిసిన మర్నాడు పొద్దున్నే ఆమె తలకు రుమాలు కట్టుకొని మోటారు స్విచ్ వేసింది. రాయి నున్నబడితే దానికి గంట్లు కొట్టాలి. ఆ పనికి వచ్చే మనిషి ఇవాళ రేపు అంటూ తిప్పించుకుంటే, ఉలి సుత్తి తెచ్చుకొని తానే కొట్టుకుంది. ఇప్పటికీ శుక్రవారం గిర్ని బంద్ పెట్టి, కాళ్లు చాపుకొని ఆ పని చేస్తుంది.

ఎవరింట్లో ఏం తింటున్నారో ఆమెకు తెలిసినంతగా ఊళ్లో ఇంకెవరికీ తెలియదు. రాగులు వస్తే ఆ ఇంట్లో పసిపిల్ల ఉన్నట్టు. బియ్యం తినే ఇంటి నుంచి ఉన్నట్టుండి జొన్నలు వస్తే ఎవరికో షుగర్ వచ్చినట్టు. ఇవన్నీ ఆమె అడగదు, చూస్తుంది. ఆ చూపంటేనే నాకు భయం. నలుగురికీ తెలియకూడని సంగతి ఒకటి మా ఇంట్లో ఉంది.

మా పాప కృతికకు అప్పుడు మూడేళ్లు. పాలు తాగితే ఒళ్లంతా దద్దుర్లు లేచేవి, పెదవులు వాచేవి. ఒకసారి ఊపిరి కూడా కష్టమైంది. గుడ్డు తిన్నా అంతే. హైదరాబాదులో డాక్టరు పరీక్షలు చేసి, పాలు, పాలతో చేసినవి, గుడ్డు, ఏవీ నాలుక మీద పడకూడదన్నాడు. ఎప్పటివరకు అంటే, అయిదేళ్లకు తగ్గొచ్చు, తగ్గకపోవచ్చు అన్నాడు. నేను జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెబుతాను. ఇంటర్నెట్ సెంటర్లో కూర్చొని, పాలు, గుడ్డు, మాంసం ఏవీ లేని వీగన్ తిండి జాబితాలు ప్రింట్ తీసుకొచ్చి, ఇంట్లో అందరికీ అదే తిండి అన్నాను. పాలగిన్నె కూడా ఇంట్లో ఉండొద్దన్నాను. నా భార్య రజిత సరే అంది గాని ఒక షరతు పెట్టింది. ఆడపిల్లకు రోగమని ఎవరికీ చెప్పొద్దు.

నెలకోసారి హైదరాబాదు వెళ్లి సోయా పాలు, పాలు కలవని బిస్కెట్లు సంచినిండా తెచ్చుకునేవాళ్లం. అంతలో తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలైంది. బస్సులు ఆగిపోయాయి. కాలేజీ మూతపడింది. పగలు నేనూ పాత బస్టాండు దగ్గరి శిబిరంలో కూర్చునేవాణ్ణి. తెలంగాణ రావాలని నాకూ ఉంది. సంచి ఖాళీ అవుతుందన్న దిగులు కూడా ఉంది. పదోరోజుకు ఖాళీ అయింది. షహజాదీ కొట్టు తప్ప దారి లేకపోయింది.

మొదటిరోజే ఒక తెలివితక్కువ మాట అన్నాను.

"వీగన్ సామాన్లు ఏమన్న ఉన్నయా షహజాదమ్మా?"

"వ్యాగనా?" అంది ఆమె. "వ్యాగన్ రావాల్నంటే పట్టాలుండాలె గద సార్. మనకు రైలే లేకపాయె. తెలంగాణ అస్తె రైలు అస్తదంటున్రు. అప్పుడు తెప్పిస్త తీ."

పిండికి వచ్చి గోడ పక్కన వరుసగా కూర్చున్న ఆడవాళ్లు నవ్వారు.

"అట్ల గాదు. పాలు, నెయ్యి, గుడ్డు ఏం కలువని బిస్కెట్లు."

ఆమె ఒక ప్యాకెట్ తీసి చూపించింది. "గిండ్ల పాలెక్కడియి సార్? ఎండిపోయి కర్ర లెక్కుంటది. పచ్చసుక్క గూడ ఉన్నది సూడు."

వెనక్కి తిప్పి చదివాను. మూడో పేరే పాలపొడి. "పొడి ఉన్నది" అన్నాను.

"పొడి పాలు ఎట్లయితది?" వరుసలో ముందున్న బాలవ్వ అడిగింది. ఆమె మా గల్లీలోనే ఇస్త్రీ చేస్తుంది. "గదీ వద్దు, గిదీ వద్దంటున్నవ్. ఏంది సార్, పానం బాగుంటలేదా ఎవలికన్న?"

అందరూ నావైపే చూస్తున్నారు. కృతిక నా చెయ్యి పట్టుకొని నిలబడి ఉంది.

"ఏం లేదు బాలవ్వా. మా ఇంట్ల పాలు విడిచినం."

"విడిచిన్రా?"

"ఆఁ."

"ఎప్పటిదాక సార్?"

డాక్టరు మాటే గుర్తొచ్చింది. "ఎప్పటిదాకనో ఎవలకు ఎర్క? సూడాలె."

అప్పటిదాకా నవ్విన వాళ్లంతా ఒక్కసారిగా ఊరుకున్నారు. బాలవ్వ కొంగు సర్దుకొని, "అయితది తీ సార్. మంచిగయితది" అంది. షహజాదీ కృతికను చాలాసేపు చూసింది. నాకు తెలియనిదేదో అక్కడ జరిగిందనిపించింది. నన్ను ఎగతాళి చేస్తున్నారనుకున్నాను.

పల్లీలు, నువ్వులు, జొన్నలు, బెల్లం తెచ్చుకున్నాను. పల్లీలు నానబెట్టి రుబ్బి, గుడ్డలో వడగట్టి పాప కోసం పాలు తీసేవాళ్లం. జొన్నలు గిర్నికి తీసుకుపోయేవాణ్ణి. కరెంటు కోత వల్ల గిర్ని మధ్యాహ్నం రెండు గంటలు మాత్రమే ఆడేది. రజిత కుట్టు క్లాసుకు పోయే వేళ కూడా అదే కాబట్టి పాప నా వెంటే వచ్చేది.

మొదటిసారి పిండి తెచ్చిన సాయంత్రమే పాప మెడ మీద దద్దుర్లు లేచాయి. సిరప్ పోస్తే తగ్గాయి. నోటుబుక్కు ఒకటి పెట్టాను. తేదీ, తిన్నవి, ఎన్ని గంటలకు దద్దుర్లు లేచింది. అయిదు రోజుల తర్వాత మళ్లీ. ఆ రోజు కూడా కొత్త పిండితోనే రొట్టెలు చేశాం. నాకు అంతకంటే రుజువు అక్కర్లేదు. పిండిలో ఏదో కలుస్తున్నది. పావుకిలో తరుగు కూడా అందులో భాగమే. మా పిండి తీసేసి ఇంకొకటి కలిపి ఇస్తున్నది.

తర్వాతిసారి గిర్నికి పోయినప్పుడు మర పక్కనే నిలబడ్డాను. డబ్బాలో పోసిన జొన్నలు కిందికి జారి, గుడ్డ గొట్టంలోంచి పిండి పడటం మొదలయ్యే దాకా కన్ను తిప్పలేదు. షహజాదీ మొదట పడిన పిండిని రెండు చేతులా ఎత్తి, బల్ల కింద ఉన్న నల్లడబ్బాలో వేసింది. మళ్లీ ఎత్తి వేసింది. ఆ తర్వాతే మా డబ్బా పెట్టింది.

"అదేంది షహజాదమ్మా?"

"గది మీకు పనికిరాదు సార్."

"ఎందుకు పనికిరాదు?"

"నాకు ఎర్కనే తీ సార్. నువ్వేం జెప్పకు" అని, గుట్టు తెలిసిన దానిలా తలూపి, వరుసలో వాళ్ల సంచులు చూడటానికి ముందు గదిలోకి పోయింది. పాప కూడా ఆమె వెనకే పోయింది. నేను నల్లడబ్బా మూత తీసి చూశాను. పిండే. వేలితో రుద్దితే తియ్యటి వాసనలాంటిది వచ్చింది. జొన్నపిండికి ఆ వాసన ఉండదు. ఆ సాయంత్రం పాపకు మళ్లీ దద్దుర్లు లేచాయి.

ఆ వాసన మల్లేశం పని అని తర్వాత తెలిసింది. మల్లేశం శిబిరంలో చాయ్ ఏర్పాట్లు చూస్తాడు. పాల లారీలు రావడం లేదు కనుక పాలపొడి వాడుతున్నారు. తేమకు గడ్డకట్టిన పొడిని చక్కెరతో కలిపి గిర్నిలో పట్టించుకుపోతున్నాడు. ఆ మాట ఆయనే నాతో గొప్పగా చెప్పాడు. అదే రాయి మీద మా జొన్నలు. ఇన్ని రోజులూ షహజాదీ నాకు చెప్పలేదు. తెలిసే దాస్తున్నది.

మల్లేశం మీద కూడా నాకు అనుమానమే. కొన్నాళ్లుగా నన్ను చూస్తే లేచి నిలబడుతున్నాడు. రెండు చేతులతో నా చెయ్యి పట్టుకుంటున్నాడు. అందరికీ చాయ్ పంచుతూ నా దగ్గరికి వచ్చేసరికి పళ్లెం పక్కకు తిప్పి, "సార్‌కు ఇయ్యకున్రి" అంటున్నాడు. సమ్మెలో ఉండి కూడా నేను ఇంటి దగ్గర చాటుగా ట్యూషన్లు చెబుతున్నానని ఎవరో చెప్పి ఉంటారనుకున్నాను. మర్యాదగా వెలివేస్తున్నారనుకున్నాను.

నా లెక్కలో తప్పు పట్టింది రజిత. ఆ వారం నేను పిండి పట్టించుకొచ్చాను గాని, భయపడి వాడలేదు. పాప ఆ రోజు అన్నం, పప్పు తప్ప ఏమీ తినలేదు. అయినా సాయంత్రానికి దద్దుర్లు లేచాయి.

"పిండి డబ్బా మూత గూడ తియ్యలే" అంది రజిత, నోటుబుక్కు నా ముందు పెట్టి. "నువ్వేమో పిండి పిండి అంటున్నవ్. నాలుగుసార్లు లేచినయి. నాలుగుసార్లూ ఏం జేసినవో సూడు. పాపను గిర్నికి దీస్కపోయినవ్."

పుస్తకంలో నేను తిండి రాశాను, గంటలు రాశాను. పాప ఎక్కడికి వచ్చిందో రాయలేదు. ల్యాబులో పిల్లవాడు ఇలాంటి తప్పు చేస్తే గట్టిగా కోప్పడేవాణ్ణి.

మర్నాడు రజిత క్లాసు మానుకొని పాపను, జొన్నలను తీసుకొని గిర్నికి పోయింది. నేను ఎదురుగా సైకిల్ షాపు అరుగు మీద పేపరు అడ్డం పెట్టుకొని కూర్చున్నాను. రజిత కావాలనే మర దగ్గరికి పోయింది. ముందు గదిలో షహజాదీ, పాప మిగిలారు. షహజాదీ వెనక్కి తిరిగి చూసుకొని, గల్లా కింద నుంచి క్రీము బిస్కెట్ తీసి, పాప చేతిలో పెట్టి, నోటి మీద వేలు పెట్టింది. పాప కూడా నోటి మీద వేలు పెట్టింది. ఇద్దరికీ అలవాటైన పనే.

నేను రోడ్డు ఎలా దాటానో గుర్తులేదు. పాప నోట్లో వేలు పెట్టి ముక్కలు బయటికి లాగాను. సగం అప్పటికే మింగింది. పాప ఏడ్చింది. మర చప్పుడులో నేను అరిచింది షహజాదీకి వినపడలేదు. ఆమె పోయి మోటారు ఆపి వచ్చింది. అప్పుడు అందరికీ వినపడింది.

"ఏం పెడ్తున్నవ్ నా బిడ్డకు?"

ఆమె భయపడలేదు. నడుము మీద చెయ్యి వేసుకుంది.

"బిస్కెట్ పెట్టిన. పెడ్త. మొక్కు నీది సార్, పిల్లది గాదు. తెలంగాణ అచ్చేదాక పాలు ముట్టనని నువ్వు మొక్కినవ్. మంచిగనే ఉంది. మల్లేశం గడ్డం దియ్యనన్నడు. ఎవలి మొక్కు వాళ్లది. మూడేండ్ల పిల్ల కడుపు మాడ్సుమని ఏ దేవుడన్నడు? నీ మొక్కు చెడగొట్టొద్దని రాయి మీది మొదటి పిండి నేనే తీసి మ్యాకలకు ఏస్తున్న. పిల్లకు మాత్రం పెడ్త."

మొదటిరోజు నేనన్న మాట అప్పుడు గుర్తొచ్చింది. 'విడిచినం' అన్నాను. మొక్కుకున్నవాళ్లు ఒకదాన్ని విడుస్తారు. ఎప్పటిదాకా అని బాలవ్వ అడిగితే, ఎవరికి ఎరుక అన్నాను. ఆ రోజుల్లో సిద్దిపేటలో ఎప్పుడొస్తుందో తెలియక అందరూ ఎదురుచూస్తున్నది ఒక్కటే.

"మొక్కు గాదు" అన్నాను. "పడవు. పాపకు పాలు పడవు."

"ఏ పిల్లకు పడవు పాలు? నా తహూరా బిడ్డ జగదేవ్‌పూర్ల గ్లాసెడు తాగుతది" అంది షహజాదీ. వరుసలోంచి బాలవ్వ, "మొక్కు బయటపడ్డదని సార్ మాట మారుస్తుండు" అంది.

రజిత సంచిలోంచి సిరప్ తీసి పట్టించింది. అందరూ చూస్తుండగా పాప దవడ కింద ఎర్రటి మచ్చ ఒకటి లేచింది. దాని పక్కన మరొకటి. అవి కలిసిపోయి మెడంతా పాకాయి. కింది పెదవి లావయింది. రోడ్డు మీద బస్సు లేదు. హైదరాబాదు పోవాలంటే ప్రజ్ఞాపూర్ దాకా ఎన్నిచోట్ల రాస్తారోకోలున్నాయో తెలియదు. నేను పాపను బల్ల మీద పడుకోబెట్టి, నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తున్నదో గడియారం చూస్తూ లెక్కపెట్టాను. షహజాదీ ఆటో అతన్ని పిలిచి, "ఇంజన్ చాలు జేసి వెట్టుకో, దవాఖానకు పోవాల్నేమో" అంది. తర్వాత పాప కాళ్ల దగ్గర నేల మీద కూర్చొని, ఆ మెడనే చూస్తూ, పెదవులు కదిలిస్తూ ఉండిపోయింది.

నలభై నిమిషాలకు మచ్చలు పాలిపోవడం మొదలైంది. ఆటో అవసరం రాలేదు.

"నా చేతులతోని పెట్టిన" అంది షహజాదీ. "ఇయ్యాల్టితోని అయిదుసార్లు పెట్టిన. ఎందుకు సెప్పకపోతివి సార్? నేను ఊరంత జెప్తనేమో అని దాస్తివా?"

"ఆడపిల్లకు రోగమంటరని."

"అంటరు. అననీయ్యి." ఆమె రుమాలుతో ముక్కు తుడుచుకుంది. "గిర్నికచ్చినోల్లకు నేను జెప్త. గిర్నికి రానోల్లకు? ఊరంత మొక్కనుకుంటున్రు. నీ మొక్కు అనుకున్నన్ని దినాలు పిల్ల మీద పాపమనుకొని ఎవలో ఒకలు ఏదో ఒకటి పెడ్తనే ఉంటరు. ఎందరి చేతులు పట్టుకుంటవ్? శిబిరంల అందరి ముంగట చాయ్ తాగు. నువ్వు తాగితెనే నమ్ముతరు."

నేను రజిత వైపు చూశాను. ఆమె పాప మెడ మీద చెయ్యి వేసుకొని కూర్చుంది. "పో" అంది.

మర్నాడు శుక్రవారం కాదు. అయినా షహజాదీ గిర్నికి తాళం వేసి మాతో వచ్చింది. శిబిరంలో వందమంది దాకా ఉన్నారు. మల్లేశం నన్ను చూసి లేచి నిలబడ్డాడు. చాయ్ పళ్లెం దాటిపోతుంటే నేను చెయ్యి చాపి గ్లాసు తీసుకున్నాను.

"సార్, పాల చాయ్ అది" అన్నాడు మల్లేశం నా మణికట్టు పట్టుకొని.

"తెలుసు. నాకు మొక్కు లేదు మల్లేశం. మా పాపకు పాలు పడవు. తాగితే ఊపిరి ఆడదు. అందుకే ఇంట్లో పాలు తెప్పిస్తలేము. నేను చెప్పలేదు, మీరు మొక్కనుకున్నరు."

గట్టిగానే చెప్పాను. క్లాసులో వెనక బెంచీ దాకా చెప్పినట్టు. తర్వాత తాగాను. ఎనిమిది నెలలైంది పాలు నోట్లో పోసుకొని. చాలా తియ్యగా, పొడి వాసనతో ఉంది. మొత్తం తాగేశాను.

మల్లేశం నా చెయ్యి వదిలేశాడు. రెండు నెలల గడ్డం నిమురుకున్నాడు. "నీ ముచ్చట దుబ్బాక శిబిరంల గూడ జెప్పిన సార్" అన్నాడు. "లెక్చరర్ ఒకాయన ఇంటిల్లిపాది పాలు విడిచిన్రని మైకుల జెప్పిన."

వెనక నుంచి ఎవరో, "విడిచిండు, ఉండలేకపోయిండు. ఇప్పుడు పిల్ల మీదికి నూకుతుండు" అన్నారు. ఇద్దరు ముగ్గురు నవ్వారు.

షహజాదీ వాళ్లవైపు తిరిగింది. "నేను సూసిన ఈ కండ్లతోని. నా బిస్కెటే. మెడంత గిట్ల లేచింది" అని తన మెడ మీద చెయ్యి పెట్టి చూపించింది. "పిల్లకు ఎవలన్న పాలది పెట్టిన్రంటే ఆల్ల గింజలు నా గిర్నిల పడయి. గంతే."

ఆ మాటకు ఎదురుచెప్పిన వాళ్లు లేరు. నా మాట నమ్మారో, గిర్ని ఆగిపోతుందని భయపడ్డారో నాకు ఇప్పటికీ తెలియదు.

నేను కుళాయి దగ్గరికి పోయి మూడుసార్లు నోరు పుక్కిలించి, చేతులు సబ్బుతో కడుక్కున్నాను. తిరిగి వచ్చేసరికి టెంటు అంచున కూర్చున్న ఒక ముసలామె తన బన్ను విరిచి కృతిక వైపు చాపి ఉంది. అప్పుడే ఆమెకు గుర్తొచ్చినట్టుంది. పాపను చూసింది, నన్ను చూసింది. మాట తప్పినవాణ్ణి చూసినట్టే చూసింది. చెయ్యి మాత్రం వెనక్కి తీసుకొని ఆ ముక్క తన నోట్లోనే వేసుకుంది.